ఛార్జింగ్ కారుకు లైట్లు పెట్టాలి, చీకట్లో పిల్లోడు కనపడాలి. ఎవరైనా చేశారా?

సాయినగర్_నాన్న (అనంతపురం), ఆదివారం రాత్రి 9:42

మా వాడికి నాలుగేళ్లు. పుట్టినరోజుకు వాళ్ల తాత ఛార్జింగ్ కారు కొనిపెట్టాడు. జీపు మోడలు, నల్ల రంగు, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, వెనక చక్రాలకు రెండు మోటార్లు. మా ఊరి ఎండల సంగతి తెలిసిందే కదా, సాయంత్రం ఆరున్నర దాకా పిల్లల్ని బయటికి వదల్లేం. అందుకని వీడి డ్రైవింగంతా పొద్దుగూకాకే. సందులో రెండు లైటు స్తంభాలున్నాయి, ఒకటి వెలగక నెలలైంది.

నిన్న ఒక నీళ్ల ట్యాంకర్ పక్కింటి సంపు నింపి రివర్స్‌లో వస్తోంది. వీడు సరిగ్గా దాని వెనకే ఉన్నాడు. నేను అరుస్తూ పోయి ట్యాంకర్‌ను చేత్తో బాదితే ఆగింది. డ్రైవర్ దిగి చూసి వణికిపోయాడు. "అన్నా, అద్దంలో నాకేం కనపళ్లేదన్నా" అన్నాడు. ఆయన్నేం అంటాం? కారు ఎత్తు నా మోకాలికి ఒక జానెడు పైన, అంతే. రాత్రంతా నిద్ర పట్టలేదు.

కంపెనీ ఇచ్చిన ముందు లైట్లు రెండున్నాయి గానీ, వాటి వెలుగు అగరొత్తి నిప్పంత. వెనక అదీ లేదు. ఎల్ఈడీ స్ట్రిప్ అంటిద్దామని నా ఆలోచన. అదే బ్యాటరీ నుంచి ఇవ్వొచ్చా? ఇస్తే కారు తొందరగా ఆగిపోతుందా? నాకు ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చడం వరకు వచ్చు, అంతకుమించి రాదు.

పెద్దదర్గా_వీధి (కడప), ఆదివారం రాత్రి 10:05

బాబూ, కోపగించుకోవద్దు. ట్యాంకర్లు తిరిగే సందులో రాత్రి పూట నాలుగేళ్ల పిల్లోణ్ని బొమ్మకారులో వదలడమే తప్పు. రోడ్ల మీద నడపొద్దని ఆ కారు పెట్టె మీదే రాసుంటుంది చూసుకో. లైట్లు పెడితే నీకు ధైర్యం వస్తుంది, ఇంకో పది గజాలు ఎక్కువ వదుల్తావు. మేడ మీద తిప్పుకోనీ.

సాయినగర్_నాన్న (అనంతపురం), ఆదివారం రాత్రి 10:20

సార్, మాది అద్దె ఇల్లు, మేడ ఓనర్లది. సందులో కూడా నేనో మా ఆవిడో పక్కనే ఉంటాం. నిన్న కూడా పది అడుగుల దూరంలోనే ఉన్నాను. ఆ పది అడుగులే చాల్లేదు, అదీ బాధ.

హంద్రీ_గట్టు (కర్నూలు), ఆదివారం రాత్రి 10:48

పెద్దాయన చెప్పింది ఒక చెవిన పెట్టుకో తమ్ముడూ, లైట్లు మాత్రం పెట్టు. రెండూ కావాలి.

బ్యాటరీ లెక్క సులువే. రెండు మోటార్లు కలిపి చదును నేల మీద సుమారు 7 ఆంపియర్లు లాగుతాయనుకో. 7 ఏహెచ్ అంటే లెక్క ప్రకారం 7 ఆంపియర్లు గంటసేపు ఇచ్చేది, అందుకే నీ బ్యాటరీ మహా అయితే గంట వస్తుంది, చాలాసార్లు ఇంకా తక్కువే. స్ట్రిప్‌లలో బజార్లో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. చిన్న బల్బులది 3528, మీటరుకు 60 బల్బులుంటే 4.8 వాట్లు, అంటే 0.4 ఆంపియర్. పెద్ద బల్బులది 5050, అదే 60 బల్బులకు 14.4 వాట్లు, అంటే 1.2 ఆంపియర్. నీకు ఒకటిన్నర మీటరు సరిపోతుంది. చిన్నది వేస్తే 0.6 ఆంపియర్, గంట ఆటలో ఐదు నిమిషాలు తగ్గుతుంది. పెద్దది వేస్తే పన్నెండు నిమిషాలు. నీకు కావలసింది దారి కనపడే వెలుగు కాదు, నువ్వు ఎదుటివాడికి కనపడే వెలుగు. చిన్నది చాలు.

2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బైకులకు పగలు కూడా హెడ్‌లైట్ ఆరదు చూడు, అది కూడా ఇందుకే. ఎండలో ఎవడికి కావాలి దారి చూపే లైటు?

గుత్తి_కుర్రోడు (గుత్తి), ఆదివారం రాత్రి 11:15

అన్నా అంత కష్టమెందుకు, వినాయక చవితి సీరియల్ సెట్టు ఉంటుంది కదా ఇంట్లో. అది చుట్టేసి బ్యాటరీకి తగిలించు, సూపర్‌గా ఉంటుంది.

ప్రొద్దుటూరు_రేడియో (ప్రొద్దుటూరు), సోమవారం ఉదయం 6:10

గుత్తి తమ్ముడూ, నువ్వు ఈ రాత్రికి పడుకో. చవితి సెట్లు 230 వోల్టులకు చేసినవి, 12 వోల్టులకు వెలగవు. వెలగట్లేదని ఎవడో ఇన్వర్టర్ ముక్క తగిలిస్తాడు, అప్పుడు పిల్లోడు కూర్చున్న కారులోకి షాక్ కొట్టే కరెంటు వస్తుంది. ఆ మాట ఇంకెక్కడా అనొద్దు.

సాయినగర్ అన్నా, నేను ముప్పై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసినవాణ్ని. కొన్ని సంగతులు చెప్తా, ఓపికగా చదువు.

స్ట్రిప్‌ను ఎక్కడపడితే అక్కడ కత్తిరించొద్దు. మూడు బల్బులకోసారి రాగి చుక్కలు, వాటి మధ్య కత్తెర గుర్తు ఉంటుంది, అక్కడే కోయాలి. మీటరుకు 60 బల్బుల స్ట్రిప్ అయితే అది ఐదు సెంటీమీటర్లకోసారి వస్తుంది. గుర్తు తప్పి కోస్తే ఆ మూడూ పోయినట్టే. పైన సిలికాన్ పూత ఉన్నది తీసుకో, ఐపీ65 అని రాసుంటుంది. మన దుమ్ముకు, పిల్లోడు పోసే నీళ్లకు అదైతేనే ఆగుతుంది.

ఇక ఫ్యూజు. చాలామంది దీన్నే వదిలేస్తారు. బ్యాటరీ చిన్నదే కదా అనుకోవద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లస్, మైనస్ కలిస్తే పదుల ఆంపియర్లు వదుల్తుంది. సన్న వైరు ఎర్రగా కాలి ప్లాస్టిక్ బాడీని కరిగిస్తుంది. కారులో ఉన్న ఫ్యూజు మోటార్ల కోసం పెట్టింది, పెద్దది, నీ సన్న వైరును అది కాపాడదు. బైకు స్పేర్ల షాపులో బ్లేడ్ ఫ్యూజు, హోల్డర్ దొరుకుతాయి. 1 ఆంపియర్ లేకుంటే 2 వెయ్యి. బ్యాటరీ ప్లస్‌కు నాలుగు వేళ్ల దూరంలోనే పెట్టు, ఎక్కడో చివర్లో స్ట్రిప్ పక్కన కాదు.

వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయొద్దు. ఎండకు ఆ టేపు జిగురు జారి ఊడిపోతుంది. సోల్డరింగ్ చేసి స్లీవ్ తొడుగు.

కల్లూరు_అమ్మ (కర్నూలు), సోమవారం మధ్యాహ్నం 1:30

మా కవల అమ్మాయిలకు నేను ఈ వైర్ల గోలే పెట్టుకోలేదు. 5 వోల్టుల యూఎస్‌బీ స్ట్రిప్ తెచ్చి పాత పవర్‌బ్యాంక్ సీటు కింద పెట్టాను. ఒకటే చిక్కొచ్చింది. అర నిమిషం వెలిగి ఆరిపోయేది. పవర్‌బ్యాంక్ పాడైందనుకున్నా. తీరా చూస్తే స్ట్రిప్ లాగే కరెంటు మరీ తక్కువగా ఉంటే, ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందనుకుని పవర్‌బ్యాంక్ తనంతట తానే ఆగిపోతుందట. ఇంకో మీటరు స్ట్రిప్ కలిపాను, అప్పటినుంచి ఆగలేదు.

ఎండలో మాత్రం పవర్‌బ్యాంక్‌ను కారులో వదలను, ఆట అయిపోగానే ఇంట్లోకి. అది లిథియం కదా.

సాయినగర్_నాన్న (అనంతపురం), బుధవారం రాత్రి 9:55

అందరికీ థ్యాంక్స్. కల్లూరు అక్కా, మీ దారి బాగుంది గానీ మావాడు పవర్‌బ్యాంక్‌ను బయట పడేస్తాడు. అందుకే కారు బ్యాటరీకే పోయాను. టవర్ క్లాక్ వైపు ఒక షాపులో తెల్ల స్ట్రిప్, ఎర్ర స్ట్రిప్, ఫ్యూజు హోల్డర్ తెచ్చాను. ఈ రోజు సగం పని అయింది. కానీ వింతగా ఉంది.

సీటు ఎత్తితే వెనక చక్రాల దగ్గర మోటారుకు పోయే ఎరుపు, నలుపు వైర్లు చేతికందాయి, వాటి నుంచే తీశాను. పెడల్ తొక్కితే మెల్లమెల్లగా వెలుగు పెరుగుతుంది. వదిలితే ఆరిపోతుంది. రివర్స్ వేస్తే అసలు వెలగదు. మొన్న జరిగింది ఆగి ఉన్నప్పుడే కదా! కావలసినప్పుడే లైటు లేదు.

ప్రొద్దుటూరు_రేడియో (ప్రొద్దుటూరు), గురువారం ఉదయం 6:02

నవ్వొచ్చింది గానీ నీ తప్పు కాదులే. అందరూ ముందు అక్కడే తీస్తారు, అందేది అదే కాబట్టి.

మోటారు వైర్లలో కరెంటు పెడల్ తొక్కినప్పుడే వస్తుంది. నీ కారులో కుదుపు లేకుండా బయల్దేరే ఏర్పాటు ఉన్నట్టుంది, అందుకే వెలుగు మెల్లగా పెరుగుతోంది. రివర్స్ అంటే మోటారుకు వచ్చే ప్లస్, మైనస్ తారుమారు కావడమే. ఎల్ఈడీ ఒకవైపే కరెంటు పోనిస్తుంది. తిరగేస్తే వెలగదు, పైగా ఎక్కువ రోజులు అట్లా తిరగేస్తే చెడిపోతుంది.

లైట్లను బ్యాటరీ దగ్గర నుంచే తియ్యి. కానీ ఆ తీసిన తీగ పారేయొద్దు, దాంతో ఒక మంచి పని ఉంది. వెనక తెల్ల స్ట్రిప్ ముక్క ఒకటి, ఐదు సెంటీమీటర్లు చాలు, కావాలనే ప్లస్ మైనస్ తిరగేసి మోటారు వైర్లకు కలుపు. ముందుకు పోయేటప్పుడు వెలగదు, రివర్స్ వేసినప్పుడే వెలుగుతుంది. మధ్యలో 1ఎన్4007 డయోడ్ ఒకటి పెట్టు, గీత ఉన్న కొస స్ట్రిప్ ప్లస్ వైపు. ముందుకు నడిచేటప్పుడు స్ట్రిప్ మీద ఎదురు కరెంటు పడకుండా అది ఆపుతుంది. పెద్ద కార్లకు ఉన్నట్టే రివర్స్ లైటు, రూపాయల ఖర్చుతో.

హంద్రీ_గట్టు (కర్నూలు), గురువారం ఉదయం 8:30

రేడియో అన్నా, ఇది నేను రాసిపెట్టుకుంటున్నా.

సాయినగర్_నాన్న (అనంతపురం), శనివారం ఉదయం 7:15

రివర్స్ లైటు అదిరింది అన్నా. సందులో పిల్లలంతా "మళ్లీ రివర్స్, మళ్లీ రివర్స్" అని వాణ్ని పోరుపెట్టారు. మిగతావన్నీ బ్యాటరీ నుంచి నేరుగా తీసి, ఫ్యూజు పెట్టి, డాష్‌బోర్డు మీద చిన్న స్విచ్ బిగించాను.

కానీ ఇంకో ఘోరం. నిన్న రాత్రి అన్నం తినే హడావిడిలో లైట్లు ఆర్పడం మర్చిపోయాం. పొద్దున కారు కదల్లేదు. మీటర్ పెడితే 8.6 చూపిస్తోంది. బ్యాటరీ పోయిందా? మా మామకు ఏం చెప్పాలి?

ప్రొద్దుటూరు_రేడియో (ప్రొద్దుటూరు), శనివారం ఉదయం 7:21

ముందు ఛార్జింగ్ పెట్టు, ఇది తర్వాత చదువుదువు.

పెట్టావా? ఈ రకం బ్యాటరీ 10.5 కంటే కిందికి పోకూడదు. పోయి అట్లాగే రోజుల తరబడి పడి ఉంటే లోపల పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ ఛార్జ్ పట్టదు. వెంటనే ఎక్కిస్తే ఒకసారికి బతుకుతుంది. పది పన్నెండు గంటలు ఉంచు. తీశాక రెండు గంటలాగి మీటర్ పెట్టు, 12.7 దగ్గర నిలబడితే మామకు ఏమీ చెప్పక్కర్లేదు.

నేను నేరుగా బ్యాటరీ అన్నది నా తొందర, ఒప్పుకుంటున్నా. కారు మెయిన్ స్విచ్ దాటాక ఉన్న తీగ నుంచి లైట్లు తీయాలి. అప్పుడు కారు ఆపితే లైట్లూ ఆగుతాయి. ఫ్యూజు మాత్రం కలిపిన చోటే, దగ్గర్లో.

కొవ్వూరునగర్_పిన్ని (అనంతపురం), శనివారం ఉదయం 11:40

వైర్ల సంగతి నాకు తెలియదు గానీ ఒకటి అడుగుతా. ఆ తెల్ల లైట్లు ఎంత ఎత్తులో పెట్టారు? మా సందులో ఒకబ్బాయి కారుకు బైకు ఫాగ్ లైట్లు పెట్టాడు వాళ్ల నాన్న. ఎదురుగా మూడు చక్రాల సైకిల్ మీద వచ్చే పిల్లల కళ్లల్లోకే కొడుతుంది. ఒక పాప కళ్లు మూసుకుని కాలవలోకి పోనిచ్చింది. లోతు లేదు కాబట్టి మోకాలు దోక్కుని ఊరుకుంది.

సాయినగర్_నాన్న (అనంతపురం), ఆదివారం రాత్రి 10:10

12.7 వచ్చింది! మామ ఫోన్ చేస్తే మామూలుగానే మాట్లాడాను.

పిన్నీ, మీరన్నాక బయటికి పోయి చూశాం. మా ఆవిడ స్కూటీ తీసుకుని సందు మొదట్నుంచి డిమ్ లైట్‌లో వచ్చింది, నేను కారును రకరకాలుగా తిప్పి నిలబెట్టాను. పిల్లోణ్ని ఇంట్లో పెట్టే చేశాం లెండి.

ఎదురుగా పెడితే తెల్ల స్ట్రిప్ సందు మొదట్నుంచే కనపడిందట, కళ్లకు కొట్టలేదట. వెనక్కు తిప్పితే ఎర్రది కూడా బాగుంది. అడ్డంగా పెట్టాను. స్కూటీ వచ్చింది, వచ్చింది, ఇరవై అడుగుల దగ్గర బ్రేకు వేసింది. "నేల మీద కొంచెం వెలుగు కనిపించింది, ఎవరో ఫోన్ టార్చ్ వేశారనుకున్నా, కారు కనపళ్లేదు" అంది. ముందూ వెనకా బంపర్ల కిందే అంటించాను కదా, పక్కలకు ఏమీ లేదు. మా సందును ఇంకో సందు కోస్తుంది, అక్కడ తగిలితే పక్కనే తగుల్తుంది.

హంద్రీ_గట్టు (కర్నూలు), ఆదివారం రాత్రి 10:35

మీ ఇంట్లో అసలు ఇంజనీరు మీ ఆవిడే.

లారీని చూడు. ముందు తెల్ల రేడియం, వెనక ఎర్రది, పక్కల పొడవునా పసుపుది. ఆ పద్ధతే పట్టుకో. పక్కలకు జానెడు పసుపు స్ట్రిప్ ఒక్కొక్కటి, తలుపు మధ్యలో. దాని కింద రేడియం టేపు. లైట్లు మర్చిపోయినా, బ్యాటరీ అయిపోయినా రేడియం పనిచేస్తుంది. అందుకే నాకు రేడియం మీదే నమ్మకం ఎక్కువ.

కొనేటప్పుడు జాగ్రత్త. నంబరు ప్లేట్ల షాపులో మెరిసేదల్లా రేడియం అని అంటగడతారు. ఫోన్ టార్చ్‌ను నీ కంటి పక్కన పెట్టుకుని నాలుగు అడుగుల దూరం నుంచి కొట్టు. అసలుది అయితే భగ్గుమంటుంది. టార్చ్‌ను పక్కవాడి చేతికిచ్చి దూరంగా నిలబెడితే నీకు అంతగా మెరవదు, ఎందుకంటే అది వెలుగును వచ్చిన చోటికే తిప్పి పంపుతుంది. బండివాడి కళ్లు వాడి హెడ్‌లైట్‌కు దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి వాడికి కనపడుతుంది. దుమ్ము పట్టాక వారానికోసారి తడిగుడ్డతో తుడవకపోతే అదీ గుడ్డిదే.

గుత్తి_కుర్రోడు (గుత్తి), ఆదివారం రాత్రి 11:02

ఎరుపు, నీలం మార్చి మార్చి వెలిగేది పెట్టు అన్నా, పోలీసు బండిలాగా. పిల్లోడు గాల్లో తేలతాడు.

కొవ్వూరునగర్_పిన్ని (అనంతపురం), ఆదివారం రాత్రి 11:09

పిల్లోడు తేలతాడు, సందంతా మేలుకుంటుంది. నీకు పెళ్లయ్యాక నీ పిల్లోడికి పెట్టుకో నాయనా.

సాయినగర్_నాన్న (అనంతపురం), గురువారం రాత్రి 9:30

పక్కలకు పసుపు స్ట్రిప్పులు, రేడియం అయ్యాయి. స్కూటీ పరీక్ష మళ్లీ పెట్టాం, పాసైంది.

ఇవాళ ఆ ట్యాంకరే మళ్లీ వచ్చింది. అదే డ్రైవర్. నేనే పోయి అడిగాను, బండి ఆపి ఒకసారి మీ సీట్లోంచి చూడన్నా అని. ఖాళీ కారును అన్ని లైట్లూ వేసి ట్యాంకర్ వెనక ఆరడుగుల్లో పెట్టాను. ఆయన రెండు అద్దాల్లోనూ చూశాడు. నన్ను కూడా ఎక్కించుకుని చూపించాడు. ఏమీ లేదు సార్. ఎర్రది లేదు, పసుపుది లేదు, కారే లేదు. నేల మీద చిన్న ఎర్ర మసక తప్ప. ఇన్ని రోజుల పని, ఆ అద్దంలో సున్నా.

నాకు నోట మాట రాలేదు. ఆయనే అన్నాడు, "ఎత్తుగా ఏదైనా కట్టన్నా, తల మీద గంప పెట్టుకుని పోయే ఆడోళ్లు మాకు గంప చూసే తెలుస్తారు" అని.

పెద్దదర్గా_వీధి (కడప), గురువారం రాత్రి 9:58

ఆ డ్రైవర్‌కు నా నమస్కారం చెప్పు. మొదటి రోజు నేను చెప్పాల్సిన మాట ఆయన చెప్పాడు.

ప్రొద్దుటూరు_రేడియో (ప్రొద్దుటూరు), శుక్రవారం ఉదయం 6:15

కరెంటు వైరింగుకు వాడే తెల్ల పీవీసీ పైపు, సన్న సైజుది, ఐదడుగులు. సీటు వెనక బాడీకి రెండు క్లాంపులు. పైన నారింజ రంగు గుడ్డ, దాని కింద సైకిల్‌కు పెట్టే ఎర్ర బ్లింకర్, సొంత సెల్ ఉండేది. పైకి వైరు లాగొద్దు, పైపు ఊగి ఊగి తెగుతుంది. ఇనుప చువ్వ, వెదురు పుల్ల వద్దు, కంట్లో గుచ్చుకుంటుంది. పైపు కొసకు పాత రబ్బరు బంతిని కోసి తొడుగు.

సాయినగర్_నాన్న (అనంతపురం), ఆదివారం రాత్రి 9:20

పైపు బిగించాను. గుడ్డ మా ఆవిడ పాత చున్నీది. ట్యాంకర్ అన్న ఈ రోజు అటు పోతుంటే ఆపి చూపించాను. కుడి అద్దంలో బ్లింకర్ కనపడింది, ఎడమ అద్దంలో గుడ్డ కొస. మరీ దగ్గరగా సరిగ్గా మధ్యలో పెడితే అప్పుడు కూడా లేదు. కాబట్టి పెద్దదర్గా సార్ మాట కూడా పెట్టుకున్నాం: ఏ పెద్ద బండి శబ్దం వినిపించినా వాడు కారు దిగి అరుగెక్కాలి. కారు పోతే పోనీ. రెండు రోజులుగా దాన్నే ఆటగా ఆడిస్తున్నాం, "ట్యాంకర్!" అంటే ఎవరు ముందు అరుగెక్కుతారో అని. పక్కింటి తాత కూడా ఆడుతున్నాడు.

కల్లూరు_అమ్మ (కర్నూలు), ఆదివారం రాత్రి 9:44

మా చెల్లెలి కొడుకుది చిన్న కారు, 6 వోల్టులది. దానికి ఈ స్ట్రిప్ పనికొస్తుందా రేడియో అన్నా?

ప్రొద్దుటూరు_రేడియో (ప్రొద్దుటూరు), సోమవారం ఉదయం 6:05

12 వోల్టుల స్ట్రిప్ దానికి వెలగదమ్మా, లోపల మూడు బల్బులు వరసగా ఉంటాయి, తెల్లవైతే వాటికే తొమ్మిది వోల్టులు కావాలి. విడి ఎల్ఈడీలు తెచ్చుకోండి. తెల్లదానికి 3 వోల్టుల పైచిలుకు, ఎర్రదానికి 2. ఒక్కో బల్బుకు ఒక్కో 220 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే రెంటికీ సరిపోతుంది. లేదంటే మీ పవర్‌బ్యాంక్ పద్ధతే హాయి.

సాయినగర్_నాన్న (అనంతపురం), సోమవారం రాత్రి 8:50

ఒక చివరి చిక్కు. డాష్‌బోర్డు మీది స్విచ్ మావాడు నిమిషానికి పదిసార్లు నొక్కుతున్నాడు. లైట్లు వేసుకోవడం కంటే ఆర్పడమే వాడికి సరదా.

కొవ్వూరునగర్_పిన్ని (అనంతపురం), సోమవారం రాత్రి 9:01

అసలుది సీటు కిందికి మార్చు. డాష్‌బోర్డు మీది దాన్ని వైర్లు పీకేసి అట్లాగే ఉంచు, నొక్కుకోనీ.